చిన్న ట్రాక్ మీద ఒక రాత్రి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు శ్రావణికి, తేజకు, వాళ్ళతో కలిసి ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఎడ్లబండి పందేల ఫొటోలు అందాయి. ఎడ్ల కొమ్ముల మీది కుచ్చులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి కానీ, అవి పరుగెడుతున్నట్టు లేదని, ఎవరో నిలబెట్టి తీసినట్టు ఉందని శ్రావణి రాసింది. ఆమె గమనించింది నిజమే. దానికి జవాబు చెప్పడానికి పోయిన శనివారం రాత్రి ఇక్కడ నేను చూసిన కార్ల పందెం కంటే మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

అమెరికాలో మీ మామయ్య ఉండే కేరీ నుంచి రెండు గంటలు ప్రయాణం చేస్తే విన్‌స్టన్-సేలం అనే ఊరు వస్తుంది. నార్త్ కరొలైనా రాష్ట్రంలో పొగాకు పేరుతో ఎదిగిన ఊరు అది. మన ఒంగోలు వేలం కేంద్రాల్లో వర్జీనియా పొగాకు బేళ్ళు చూసినవాళ్ళకు ఆ ఊరి కథ కొత్తగా ఉండదు. అక్కడి బోమన్ గ్రే స్టేడియానికి రేనాల్డ్స్ పొగాకు కంపెనీకి ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉన్నాయన పేరే పెట్టారు. మధ్యలో ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల తారు ట్రాక్, దాన్ని ఆనుకుని ప్రేక్షకుల మెట్లు. 1949 నుంచి అక్కడ వేసవి శనివారాల్లో స్టాక్ కార్ల పందేలు జరుగుతున్నాయి. ఆ పందేల్లో ఎంతో పేరున్న రిచర్డ్ పెట్టీ తన నూరో విజయాన్ని 1969లో ఈ చిన్న ట్రాక్ మీదే అందుకున్నాడు. అయితే మామూలు శనివారాల్లో కారు తోలేవాళ్ళలో చాలామంది వారమంతా వేరే పని చేసుకుని, సాయంత్రాలు తమ షెడ్డులో కారు బాగుచేసుకుని వచ్చే చుట్టుపక్కల వాళ్ళే.

స్టాక్ కారు అంటే మొదట్లో అంగట్లో అమ్మే మామూలు కారే. ఇప్పుడు పైకి ఆ రూపం కొంత మిగిలినా, లోపల డ్రైవరు చుట్టూ ఇనుప గొట్టాల పంజరం ఉంటుంది, కిటికీకి అద్దం బదులు వల ఉంటుంది. మాడిఫైడ్ అనే రకానికైతే చక్రాలు బయటికే కనిపిస్తాయి. ఫొటో తీసేవాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది: ఈ కార్లకు ముందు దీపాలు ఉండవు. రాత్రి పందెమే అయినా కారు తన వెలుగు తాను తెచ్చుకోదు, ఉన్నదంతా స్తంభాల మీది దీపాల వెలుగే. అది పైనుంచి పడుతుంది కాబట్టి కారు కప్పు మెరుస్తుంది, డ్రైవరు ముఖం చీకట్లో ఉండిపోతుంది.

జూన్ నెలలో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు. గుంకిన తరువాత ఓ ఇరవై నిమిషాల పాటు ఆకాశం ముదురు నీలంగా ఉండి, స్టేడియం దీపాలు దానికి దీటుగా వెలుగుతాయి. స్టేడియం మొత్తం వచ్చేలా తీయదలచుకున్న ఫొటోలు అప్పుడే తీసుకోవాలి. ఆ తరువాత ఆకాశం నల్లటి గుడ్డలా మారిపోతుంది. చీకటి పడ్డాక నేను ఐఎస్‌ఓను, అంటే కెమెరా వెలుగును పట్టుకునే శక్తిని, 3200కు పెంచి, లెన్సులో వెలుగు లోపలికి వచ్చే రంధ్రమైన ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచాను. ఫ్లాష్ మాత్రం వాడలేదు, మీరూ వాడకండి. అంత దూరానికి దాని వెలుగు అందదు సరికదా, వేగంగా వచ్చే మనిషి కళ్ళలో పడితే ప్రమాదం.

ఇప్పుడు శ్రావణి అడిగిన సంగతికి వస్తాను. మాడిఫైడ్ కారు ఆ 400 మీటర్లను 15 సెకన్లలోపే చుట్టివస్తుంది, అంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. షట్టర్ స్పీడు 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, పెడితే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో ఆ కారు అంగుళానికి కాస్త ఎక్కువ కదులుతుంది. కారు మీద ప్రతి అక్షరమూ చదవవచ్చు, కానీ చక్రం తిరుగుతున్న జాడ ఉండదు, కారు రోడ్డు మీద ఆపి ఉంచినట్టే కనిపిస్తుంది. మీ ఎడ్ల ఫొటోల్లో జరిగింది ఇదే. అదే 1/60 పెడితే కారు సుమారు మూరెడు దూరం కదులుతుంది. కెమెరాను కదలకుండా పట్టుకుంటే కారు చెరిగిపోతుంది. కారుతో పాటు కెమెరానూ అదే వేగంతో తిప్పితే కారు నిలిచి, వెనకాల ఉన్న మెట్లూ మనుషులూ దీపాలూ గీతలుగా సాగిపోతాయి. పరుగు కనిపించేది ఆ గీతల్లోనే.

దీన్ని ఒంటితో నేర్చుకోవాలి. కారు ఎక్కడ మీ ఎదురుగా వస్తుందో చూసుకుని పాదాలను అటు తిప్పి నిలబడండి. మోచేతులు పక్కలకు ఆనించి, కారు వచ్చే వైపుకు నడుము మాత్రం తిప్పండి. బటన్‌ను సగం నొక్కి కారు వెంట కెమెరాను నడిపిస్తూ, ఎదురుగా వచ్చినప్పుడు మెత్తగా పూర్తిగా నొక్కండి. నొక్కిన తరువాత కూడా తిరగడం ఆపకండి. నేను స్టూడియోలో పని నేర్పిన కుర్రాళ్ళందరూ తప్పింది అక్కడే, నొక్కగానే చెయ్యి ఆగిపోయేది. పావు మైలు ట్రాక్ గొప్పతనం ఏమిటంటే, తప్పిన కారే 15 సెకన్లు గడవకముందే మళ్ళీ మీ ముందుకు వస్తుంది. ఆ రాత్రి నేను రెండు వందలకు పైగా ఫొటోలు తీస్తే పదకొండు నిలిచాయి. పెద్ద ట్రాకుల కంటే ఇలాంటిది మంచి బడి అని నా నమ్మకం. మీరు మొదట మన వీధిలో సైకిళ్ళ మీద, 1/30 పెట్టి, అరుగు మీద నుంచే సాధన చేయండి.

రాత్రి దీపాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక కబడ్డీ పోటీకి వెళ్ళి, షట్టర్ వేగం ఎక్కువ పెట్టి తీస్తే, కొన్ని ఫొటోలు వెలుగుగా, కొన్ని మసకగా వచ్చి, ఆ పూట పనంతా వృథా అయింది. కారణం తరువాత తెలిసింది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది కాబట్టి, కొన్ని రకాల దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతాయి. అమెరికాలో కరెంటుది 60, దీపాలది 120. కంటికి తెలియని ఆ తేడా 1/1000కు దొరికిపోతుంది. మన ఊళ్ళో 1/50 గాని 1/100 గాని పెడితే ఆ హెచ్చుతగ్గులు సమమైపోతాయి.

ఎక్కడ కూర్చోవాలో కూడా ముందే ఆలోచించాలి. ఇక్కడి పందేల్లో కార్లు ఎడమకే తిరుగుతాయి, డ్రైవరూ ఎడమవైపే కూర్చుంటాడు, అందుకని దగ్గరగా వెళ్ళే కారులో మనకు కుడి తలుపే కనిపిస్తుంది. డ్రైవరు కావాలంటే మైదానం మీదుగా అవతలి వైపు కారును పొడవాటి లెన్సుతో పట్టుకోవాలి. దగ్గరి తలుపుల మీద మాత్రం గుండ్రటి నల్లటి మచ్చలు ఉంటాయి, అవి పక్క కారు టైరు రాసుకున్న గుర్తులు. కార్లు గుద్దుకున్నప్పుడు జనం లేచి అరుస్తారు, కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. నాకు ఆ ఫొటోల కంటే ఆ నల్ల మచ్చ ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. లోపలి మనిషి క్షేమంగా బయటికి వచ్చేదాకా నేను కెమెరా దించే ఉంచాను.

పందెం మొదలుకాకముందు, కార్లు సిద్ధం చేసుకునే చోట, ఒకాయన నేలమీద మోకాళ్ళు ఆనించి టైరులో గాలి కొలుస్తున్నాడు. పక్కన మన తేజ ఈడు అమ్మాయి టార్చ్ పట్టుకుని ఉంది. మామయ్య అడిగి అనుమతి తీసుకున్నాక, దగ్గరగా వెళ్ళి 1/30లో ఊపిరి బిగబట్టి ఒక్కటే తీశాను. ఆ అమ్మాయికి ప్రింటు కావాలని వాళ్ళ నాన్న చిరునామా రాసిచ్చాడు. సోమవారం పోస్టులో వేశాం. అదే ఫొటో ఈ ఉత్తరంతో మీకూ పంపుతున్నాను. టార్చ్ వెలుగు ఎవరి ముఖం మీద పడిందో, అది టైరు మీద నుంచి అక్కడికి ఎలా వెళ్ళిందో చూసి, నాకు జవాబు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య