పేగు లేని పురుగు: మా క్లాసులో ఏటా వినే అపోహలు

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. చాలామంది సముద్రం చూడనివాళ్లే. అయినా నోరూ పేగూ లేని సముద్రపు పురుగుల పాఠం రోజున ఎవరూ కునుకు తీయరు. కాకపోతే ఏటా అవే పొరపాట్లు.

అపోహ: పేగు లేదంటే బద్దెపురుగులాగా పరాన్నజీవే.

వాస్తవం: ఈ తప్పు పిల్లలది కాదు, మాదే. పేగు లేని పురుగంటే మేం ముందు చూపించేది బద్దెపురుగునే. అది మన పేగులో అరిగిన తిండిని చర్మంతో పీల్చుకుంటుంది. 1977లో పసిఫిక్ సముద్రంలో గలపాగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతున, వేడినీటి ఊటల పక్కన కనిపించిన రిఫ్టియా అనే పురుగు దారి వేరు. అది ఒంట్లో లెక్కలేనన్ని బ్యాక్టీరియాకు చోటిచ్చి, వాటికి కావాల్సినవన్నీ రక్తంలో మోసుకెళ్లి ఇస్తుంది. అవి హైడ్రోజన్ సల్ఫైడ్, ఆక్సిజన్‌ల నుంచి శక్తి తీసి, కార్బన్ డయాక్సైడ్‌తో తిండి తయారు చేస్తాయి. పురుగు ఆ తిండీ తింటుంది, కొన్ని బ్యాక్టీరియానూ అరిగించుకుంటుంది. గుడ్లు తింటూనే అప్పుడప్పుడు కోడినీ కోసుకున్నట్టు. పురుగు ఒంట్లో బ్యాక్టీరియా ఉన్న సంగతిని 1981లో కొలీన్ కావనా ప్రచురించినప్పుడు ఆమె ఇంకా విద్యార్థే. ఆ మాటకు వెనక బెంచీ కూడా సర్దుకుని కూర్చుంటుంది.

అపోహ: హైడ్రోజన్ సల్ఫైడ్ విషం, రక్తంలో ఉంటే పురుగు చావాలి.

వాస్తవం: మ్యాన్‌హోల్‌లో ప్రాణాలు తీసే గ్యాసే అది. రిఫ్టియా హిమోగ్లోబిన్ మీద ఆక్సిజన్‌కు ఒక చోటు, సల్ఫైడ్‌కు ఇంకో చోటు. ఒకదానికొకటి అడ్డం రావు.

అపోహ: వీటికి సూర్యుడితో పనే లేదు.

వాస్తవం: వెలుతురు అందదు, నిజమే. మరి ఆ ఆక్సిజన్ ఎక్కడిది? పైన ఎండలో నాచూ మొక్కలూ వదిలిందే.

అపోహ: బ్యాక్టీరియా పుట్టుకతోనే ఉంటాయి.

వాస్తవం: రిఫ్టియాకు ఉండవు. పిల్ల పురుగుకు నీళ్లలోంచి చర్మం గుండా చేరతాయి.

అపోహ: ఇదంతా లోతు సముద్రంలోనే.

వాస్తవం: ఇటలీ ఎల్బా దీవి ఒడ్డున, తక్కువ లోతు ఇసుకలో ఒలావియస్ అనే పురుగు ఉంటుంది. మన వానపాముకు దూరపు చుట్టం. పేగే కాదు, విసర్జక అవయవాలూ లేవు. దాని చర్మం కింద ఒక రకం బ్యాక్టీరియా సల్ఫేట్ నుంచి సల్ఫైడ్ చేస్తే, ఇంకో రకం దాన్ని వాడుకుని మళ్లీ సల్ఫేట్‌గా మారుస్తుంది. ఇంట్లోనే చేబదులు! పురుగు వదిలే వ్యర్థాలు కూడా వాటికే పనికొస్తాయి.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే పల్లి చెట్టును వేళ్లతో సహా పీక్కు రమ్మంటాను. వేరు బుడిపెను గోరుతో చిదిమితే లోపల గులాబీ రంగు. అదీ హిమోగ్లోబిన్ చుట్టమే, అక్కడున్న బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కొలిచి ఇస్తుంది. పోయినేడు ఒక అమ్మాయి ఆ రంగు అంటిన తన వేలిని చూసుకుని, "సార్, అయితే మా చేన్లో కూడా రిఫ్టియా ఉన్నట్టే కదా" అంది.