టికెట్ లేదు కదా, పర్మిషన్ ఎందుకన్నా?

పోయిన నెల రాత్రి పదకొండింటికి ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్ చేశాడు. ఆదివారం బైరాగిపట్టెడలో ఒక మేడ మీద సినిమా వేస్తున్నారట. పోస్టర్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి డైరెక్టర్‌కే చేరింది. "ఎవరినడిగి వేస్తున్నారు?" అని ఆయన మెసేజ్ పెట్టాడు. పిల్లవాడి గొంతు వణుకుతోంది. "పోలీసులొస్తారా అన్నా? ఒక్క రూపాయి కూడా తీసుకోవడం లేదు. టికెట్ లేదు కదా, పర్మిషన్ ఎందుకు?"

తిరుపతిలో ఎనిమిదేళ్లుగా స్నేహితులతో కలిసి సొంత డబ్బుతో చిన్న సినిమాలు వేస్తున్నాను. ఈ మాట వినని నెల లేదు.

అపోహ: ఉచితంగా వేస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: అడగాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాను నలుగురికీ చూపించే హక్కు దాని హక్కుదారుదే. మీ ఓటీటీ సబ్‌స్క్రిప్షన్, మీరు కొన్న డీవీడీ ఇంట్లో చూసుకోవడానికే.

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. అదే చట్టం 52వ సెక్షన్‌లో, ఔత్సాహిక సంఘాలు డబ్బు తీసుకోకుండా నాటకమో సంగీతమో ప్రదర్శిస్తే తప్పు లేదని ఉంది. మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగితే ఊరంతా చందాలేసుకుంటుంది. రాత్రుళ్లు వీధినాటకం, చివర్లో దుర్యోధన వధ, ఎవరినీ టికెట్ అడగరు. అది చూస్తూ పెరిగినవాళ్లం, సినిమా కూడా అంతే అనుకుంటాం. కానీ ఆ మినహాయింపులో సినిమా లేదు. సినిమాకున్నది వేరే: విద్యాసంస్థ తన కార్యక్రమాల్లో భాగంగా తన సిబ్బందికి, విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు, సంస్థతో సంబంధమున్నవాళ్లకు చూపించుకోవచ్చు. గేటు తెరిచి ఊళ్లోవాళ్లను పిలిస్తే ఆ వెసులుబాటు పోతుంది.

మొదటి ఏడాది మేమూ ఇదే తప్పు చేశాం. ఒక సినిమా డౌన్‌లోడ్ చేసి వేశాం. నలభై మంది వచ్చారు, సంబరంగా ఫొటోలు పెట్టాం. మర్నాడు డైరెక్టర్ ఫోన్ చేశాడు. తిట్టలేదు. అప్పు చేసి తీశానన్నాడు. మీరు వేసిన కాపీలో సౌండ్ పని పూర్తి కాలేదు, అడిగుంటే మంచి ఫైలు తీసుకుని నేనే బస్సెక్కి వచ్చేవాణ్ణి కదా అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అడగడానికి నాలుగు లైన్ల మెయిల్ చాలు. తేదీ, చోటు, ఎన్ని కుర్చీలు, టికెట్ ఉందా, షో అయ్యాక ఫైలు చెరిపేస్తామన్న మాట. కనీసం మూడు వారాల ముందు పంపండి. చిన్న సినిమా తీసినవాళ్లకు చూసేవాళ్లు దొరకడమే కష్టం, మాకు చాలామంది సరేనన్నారు.

ఇక జైలు భయం. చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా శిక్ష ఉన్నది నిజమే. లాభం కోసం చేసింది కాకపోతే కోర్టు ఇంకా తగ్గించవచ్చనీ అందులోనే ఉంది. "ఎవడో అరెస్టయ్యాడంట" అని గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవాళ్లు దయచేసి ఆపండి. పిల్లలు నిద్రపోవడం లేదు.

మిగతావి గబగబా చెప్తాను.

పాత సినిమా అయితే హక్కులుండవా? విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటాయి. కథకు, పాటలకు లెక్క వేరే.

యూట్యూబ్‌లో ఉంటే సెన్సార్ అక్కర్లేదా? హాల్లో బహిరంగంగా వేస్తే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఫెస్టివల్స్‌కు కేంద్ర ప్రభుత్వం మినహాయింపు ఇస్తుంది, దానికీ దరఖాస్తు చేసుకోవాలి.

అందరం చందాలేసి తీశాం కాబట్టి అందరిదీనా? 1976లో 5 లక్షల మంది గుజరాత్ పాడిరైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే 'మంథన్' అనే హిందీ సినిమా తయారైంది. అక్కడ నిర్మాతగా వాళ్ల సహకార సమాఖ్య ఉంది. హక్కుదారుగా చట్టం చూసేది నిర్మాతనే. ఒకసారి ఐదుగురు కలిసి తీసిన షార్ట్ ఫిల్మ్‌కు ఒకరు సరేనన్నారు, షో రోజు ఇంకొకరు వచ్చి ఆపమన్నారు. అనుమతి ఎవరివ్వాలో షూటింగ్‌కు ముందే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టుకోండి.

ఆ రాత్రే కుర్రాడూ నేనూ ఫోన్లోనే మెయిల్ రాశాం. క్షమాపణ మొదటి లైన్లో, వివరాలు తర్వాత. తెల్లారి తొమ్మిదికి డైరెక్టర్ నుంచి జవాబొచ్చింది: నిర్మాతతో మాట్లాడాను, వేసుకోండి, ముందు రెండు నిమిషాలు వీడియో కాల్‌లో నన్ను మాట్లాడనివ్వండి. ఆదివారం నేనూ వెళ్లాను. మేడ మీద గాలికి తెర దుప్పటి ఊగుతుంటే కింది అంచుకు ఇటుకలు కట్టాం.