చెట్టుకు మలేరియా రాదు కదా?

పిల్లలూ,

"చెట్టుకు మలేరియా రాదు కదా తాతయ్యా, మరి దాంట్లో మలేరియా మందెందుకుంటుంది?" అని చిన్నది అడిగింది. సూటిగా చెప్పలేను, చుట్టూ తిరిగి వస్తాను.

మలేరియా క్రిమి ఒక దొంగ. మన ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్ అనే పెట్టెలు పగలగొట్టి తింటుంది. ఒక్కో పెట్టెలో ఇనుము ఉంటుంది. ఆ ఇనుప తుక్కు దొంగకే విషం. అందుకని మూటకట్టి మూల పడేస్తుంది. సింకోనా అనే చెట్టు బెరడులోని క్వినైన్ అనే మందు ఆ మూట కట్టనివ్వదని శాస్త్రజ్ఞులు అంటారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల నుంచి ఆ బెరడు 17వ శతాబ్దంలో యూరప్ చేరింది. 1820లో పారిస్‌లో పెల్లెటియే, కావెంతూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్నుంచి క్వినైన్ తీశారు.

నా చిన్నప్పుడు చలిజ్వరం వస్తే ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్లు టకటక కొట్టుకునేవి. నాన్న క్వినైన్ మాత్ర నోట్లో వేసి, మింగానో లేదో నాలుక ఎత్తించి మరీ చూసేవారు. అబ్బ, ఆ చేదు! మర్నాడు కూడా వదిలేది కాదు.

సరే, దొంగ దగ్గరికి వద్దాం. కొన్నాళ్లకు పాత మందులకు లొంగడం మానేశాడు. చైనాలో 1967 మే 23న కొత్త మందు కోసం వెతుకులాట మొదలైంది. ఆ తేదీ మీదే దానికి 523 అని పేరు. తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలి బృందం రెండు వేలకు పైగా పాత చిట్కాలు సేకరించింది. ఆర్టెమిసియా ఆన్యువా అనే మొక్క, మన దవనం జాతిదే, ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. దాదాపు 1,600 ఏళ్ల కిందటి గే హాంగ్ అనే చైనా పండితుడి వైద్యగ్రంథంలో ఆమె మళ్లీ చూసింది: గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. మరిగించమని లేదు! వేడికి మందు చెడిపోతోందేమోనని, 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రవంతో తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో క్రిములను పూర్తిగా తుడిచేసింది. రోగులకిచ్చే ముందు ఆమె, సహచరులు తామే మింగి చూశారు. 2015లో వచ్చిన నోబెల్ కంటే నాకు అదే గొప్పగా కనిపిస్తుంది. ఇతరుల నోట్లో పెట్టేది ముందు మన నోట్లో పెట్టుకోవాలి.

ఆ మందు, ఆర్టెమిసినిన్, దొంగ విప్పిన ఇనుము తగిలితేనే నిప్పులా అంటుకుంటుంది. మన ఇనుము పెట్టెల్లో భద్రంగా ఉంటుంది కాబట్టి ఇల్లు కాలదు, దొంగే కాలతాడు. పోలికను ఇంతకంటే లాగితే తెగుతుంది.

ఇక చెట్టుకెందుకంటే, మన కోసం కాదమ్మా. ఆర్టెమిసినిన్ పక్క మొక్కల్ని ఎదగనివ్వదు. మొక్క ఆకు మీది సన్నని నూగు తిత్తుల్లో దాన్ని దాచుకుంటుంది, తనకే తగలకుండా. టమాటా ఆకు మీదా ఇలాంటి నూగే ఉంటుంది. భూతద్దం పట్టుకుని చూడండి, నలిపి వాసన చూడండి. నోట్లో మాత్రం పెట్టుకోకండి.

మీ తాతయ్య