డీ డ్రైవ్‌లో పెట్టినాం సార్, ఏం కాదులే: కంప్యూటర్లు, డేటా మీద అపోహలు - వాస్తవాలు

నేను కర్నూలులో స్కూళ్లకి, షాపులకి, కొన్ని ఆడిటర్ ఆఫీసులకి సిస్టమ్స్ చూసుకునే పని చేస్తుంటా. కొత్తవి పెట్టడం, పాతవి రిపేరు, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బ్యాకప్‌లు, ప్రింటర్లు, నెట్‌వర్క్ అన్నీ. యాడికి పోయినా అవే మాటలు వింటుంటా, వాటిని నమ్మి జనాలు ఏండ్ల లెక్కలు, పిల్లోళ్ల రికార్డులు పోగొట్టుకుంటుంటే నిజంగా బాధేస్తాది. సిస్టమ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, లోపలుండే డేటా ఏ షాపులోనూ అమ్మరు కదా, అందుకే కొంచెం పొడుగైనా రాస్తున్నా.

అపోహ: డీ డ్రైవ్‌లో ఉంది కాబట్టి సేఫ్

సీ, డీ, ఈ అని మూడు కనిపిస్తాయి కానీ చాలా సిస్టమ్స్‌లో లోపలుండే డిస్క్ ఒకటే. ఒకే గదికి మధ్యలో అడ్డగోడ కట్టినట్టు, కప్పు కూలిందంటే రెండు పక్కలా కూలుతాది. విండోస్ పాడై సీ డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టాల్సి వస్తే డీలో ఉండేది మిగుల్తాది, అంతవరకే దాని ఉపయోగం. డిస్క్ చచ్చిపోతే, కరెంటు ఎక్కువొచ్చి కాలిపోతే, దొంగలు డబ్బా ఎత్తుకపోతే అన్నీ ఒకేసారి పోతాయి. కొత్త సిస్టమ్స్‌లో ఎస్ఎస్‌డీ (తిరిగే ప్లేట్లు లేని స్పీడ్ డిస్క్) ఒకటి, హార్డ్‌డిస్క్ ఒకటి వేర్వేరుగా ఉన్నా రెండూ అదే డబ్బాలోనే కదా ఉండేది.

ఇంకో సంగతి, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఇవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఈ సంగతి తెలీక ఫార్మాట్‌కి ఇచ్చేసి, తర్వాత వచ్చి స్క్రీన్ మీద నా ఫోల్డర్ యాడ పోయింది అని అడిగేవాళ్లు చాలామంది. రిపేరుకి ఇచ్చేటప్పుడు మీరే ముందు చెప్పండి, మెకానిక్ అడుగుతాడులే అని చూడొద్దు.

అపోహ: కాపీ ఉంది, బీరువాలో పెట్టినాం

కాపీ ఉండడం మంచిదే, కానీ అదే బిల్డింగ్‌లో ఉంటే సగం పనే అయినట్టు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మన పాతబస్తీ మునిగినప్పుడు కంప్యూటరూ, బీరువా, బీరువాలో సీడీలూ అన్నీ ఒకే నీళ్లల్లో కదప్పా ఉండేది. మా ఫీల్డ్‌లో 3-2-1 అంటాం: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊర్లోనో వేరే ఇంట్లోనో. షాపు ఓనర్‌కి నేను చెప్పేది ఇంకా సింపుల్. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు కొనండి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో, వారం వారం మార్చుకోండి, కాపీ అయినంక పీకేయండి, ఊరికే సిస్టమ్‌కి తగిలించి ఉంచితే వైరస్ దాన్ని కూడా లాక్ చేస్తాది. పెన్‌డ్రైవ్ అనేది మోసుకపోవడానికి, దాచుకోవడానికి కాదు.

గూగుల్ డ్రైవ్‌లో ఉంది సార్ అంటారు కొందరు. సింక్ (ఈడ చేసిన మార్పు ఆడ కూడా తనంతట తానే చేసేది) వేరు, బ్యాకప్ (విడిగా దాచిన కాపీ) వేరు. సింక్ పెట్టిన ఫోల్డర్‌లో మీరు పొరపాటున డిలీట్ కొడితే అక్కడ కూడా డిలీట్ అయితాది, ట్రాష్‌లో 30 రోజులు ఉండి తర్వాత పూర్తిగా పోతాది. ఫ్రీగా ఇచ్చే 15 జీబీ కూడా మెయిల్, ఫోటోలు, డ్రైవ్ మూడిటికీ కలిపి.

టాలీ వాడేవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి, అంటే ఆరేండ్లు. ఆరేండ్లు ఏ సిస్టమ్ సక్కగా నడుస్తాదో మీరే చెప్పండి. బ్యాకప్ తీసి ఊరుకోకండి, మూడు నెలలకోసారి వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి పోయిన నెల లెడ్జర్ ఓపెన్ చేసి చూడండి. ఒకే సిస్టమ్ ఉంటే వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేయండి, అసలు డేటా ఉండే ఫోల్డర్‌లోకే చేస్తే ఈరోజు లెక్కల మీద పాత లెక్కలు వచ్చి కూర్చుంటాయి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అని లెక్కపెట్టను.

అపోహ: ఎక్సెల్‌లో ఎక్కిస్తే తప్పు రాదు

స్కూళ్లల్లో ఎక్కువ నష్టం జరిగేది ఈడనే, నేను ఎక్కువగా మాట్లాడాల్సింది కూడా దీని గురించే. యూడైస్ ప్లస్ (స్కూళ్ల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్), అపార్ ఐడీ (ఒక్కో విద్యార్థికి ఇచ్చే నెంబర్), మార్కులు, ఫీజులు అన్నీ ఏదో ఒక ఎక్సెల్ షీట్ దాటుకునే పోతాయి, ఆ షీట్ ఎక్కించేది పాపం ఒక టీచరో ఆఫీసు అమ్మాయో, వాళ్లకి ఎవరూ నేర్పించి ఉండరు.

ఆధార్ నెంబర్ 12 అంకెలు. మామూలు సెల్‌లో టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని 1.23457ఈ+11 లాగా చూపిస్తాది. నెంబర్ లోపల ఇంకా సరిగానే ఉంటాది, కానీ అదే స్థితిలో సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసినారంటే కనిపించేదే సేవ్ అయితాది, వెనక అంకెలు ఇంక రావు. 16 అంకెల అకౌంట్ నెంబర్ అయితే ఇంకా ఘోరం, ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తు పెట్టుకుంటాది, చివరిది సున్నా చేసేస్తాది, మీకు చెప్పను కూడా చెప్పదు. ముందు సున్నాలుండే అడ్మిషన్ నెంబర్ 0045 కాస్తా 45 అయిపోతాది. టైప్ చేయకముందే ఆ కాలమ్ సెలెక్ట్ చేసి టెక్స్ట్ అని ఫార్మాట్ మార్చండి, తర్వాత మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.

పుట్టిన తేదీ ఇంకో తలనొప్పి. సిస్టమ్‌లో రీజియన్ అమెరికా పెట్టి ఉంటే 05-06-2014 అంటే జూన్ 5 కాదు, మే 6 అని తీసుకుంటాది. 25-06-2014 మాత్రం తేదీగా తీసుకోక టెక్స్ట్‌గా వదిలేస్తాది, సగం మందివి ఒక రకం సగం మందివి ఒక రకం. పేరో పుట్టిన తేదీయో ఆధార్‌తో కలవకపోతే ఆ పిల్లకి అపార్ ఐడీ ఆగిపోతాది, వాళ్ల నాయన కూలి పని మానుకుని ఆధార్ సెంటర్ చుట్టూ తిరగాల. ఆధార్‌లో తప్పు లేకుండా మన షీట్‌లో తప్పుకి ఆయన ఎందుకు తిరగాల?

సార్టింగ్ అయితే మరీ. ఒక్క పేర్ల కాలమ్ సెలెక్ట్ చేసి ఏ నుంచి జెడ్ కొడతారు, ఎక్సెల్ పక్క కాలమ్స్ కూడా కలుపుకోవాలా అని అడుగుతాది, చదవకుండా వద్దు అని నొక్కుతారు, అంతే, ఒకరి పేరు పక్కన ఇంకొకరి ఆధార్, ఇంకొకరి మార్కులు. సేవ్ చేసి క్లోజ్ చేసినంక కంట్రోల్ జెడ్ పని చేయదు. సార్ట్ చేసే ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి, తేదీ వేసి పేరు పెట్టండి.

అపోహ: మన గ్రూపే కదా, ఆధార్ ఫోటోలు పెడితే ఏమైతాది

వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన ఫోటో ఆ గ్రూప్‌లో ఉండే చాలామంది గ్యాలరీలోకి తనంతట తానే దిగుతాది. ఆ ఫోన్ రేపు అమ్మేస్తారు, పిల్లోళ్లకిస్తారు, రిపేరుకిస్తారు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏండ్ల లోపు పిల్లల డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాల, రూల్స్ 2025 నవంబరులో వచ్చినాయి, చాలా భాగానికి 18 నెలల గడువిచ్చినారు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ పిల్లల వివరాలు మన నమ్మకం మీద ఇచ్చినవి. పూర్తి నెంబర్ అవసరం లేని చోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీపిస్తే వాళ్ల డౌన్‌లోడ్స్‌లో ఫైల్ అట్లనే ఉంటాది, ఎదురుగా నిలబడి తీసేయించండి.

అపోహ: యాంటీవైరస్ ఉంది, అప్‌డేట్ అక్కర్లేదు

2017 మేలో వన్నాక్రై అని ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయినాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే అప్‌డేట్‌గా ఇచ్చింది. ఇప్పుడు విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, లెక్కల సిస్టమ్ ఇంకా దాని మీదనే ఉంటే మార్చే ఆలోచన చేయండి. క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి యాంటీవైరస్ ఆఫ్ చేయమంటే మాత్రం అసలు ఎక్కించొద్దు, షాపుల్లో ఫైళ్లు లాక్ అయ్యి డబ్బులడిగే వైరస్‌లు ఎక్కువగా అట్లనే వస్తున్నాయి.

ఇంకో చిన్న అపోహ కూడా ఉంది, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదిసార్లు రిఫ్రెష్ కొడితే స్పీడ్ పెరుగుతాదని. పెరగదు. ఐకాన్లు మళ్లీ గీస్తాది, అంతే.

అపోహ: డిలీట్ చేస్తే పోయినట్టే

హార్డ్‌డిస్క్‌లో డిలీట్ చేస్తే ఫైల్ యాడుందో చెప్పే గుర్తు మాత్రమే పోతాది, లోపలి సరుకు దాని మీద ఇంకోటి రాసేదాకా అట్లనే ఉంటాది. అందుకే పాత సిస్టమ్ అమ్మేటప్పుడు ఊరికే డిలీట్ కొట్టి ఇవ్వొద్దు, క్విక్ ఫార్మాట్ కూడా చాలదు. పొరపాటున డిలీట్ అయితే వెంటనే వాడడం ఆపితే దొరికే ఛాన్స్ ఉంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లో ఎక్కిస్తే ఉన్నది కూడా చెరిగిపోతాది. ఎస్ఎస్‌డీలో మాత్రం ఈ ఆశ చాలా తక్కువ, ట్రిమ్ అని ఒకటి ఉంటాది, డిలీట్ చేసిన చోటుని అది తొందరగా ఖాళీ చేసేస్తాది. హార్డ్‌డిస్క్ టక్ టక్ అని శబ్దం చేస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు, లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిని ఉంటే ఆన్ చేసిన ప్రతిసారీ ప్లేటు మీద గీతలు పడొచ్చు. వైరు పీకేసి, డేటా ముఖ్యం అనుకుంటే నేరుగా రికవరీ ల్యాబ్‌కే పంపించండి, మా లాంటి సర్వీస్ వాళ్లతో విప్పించొద్దు.