యార్క్ నేరచరిత్ర: అపోహలు – వాస్తవాలు

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరాన్ని పర్యాటకులకు నడిపిస్తూ చూపించడం నా వృత్తి. వారాంతాల్లో లీడ్స్, మాంచెస్టర్‌ల నుంచి మన తెలుగు కుటుంబాలు కూడా వస్తాయి. అందరూ ముందుగా అడిగేది దొంగలు, ఉరికొయ్యలు, మంత్రగత్తెల గురించే.

అపోహ: డిక్ టర్పిన్ మంచి మనసున్న దొంగ. నల్లగుర్రం మీద లండన్ నుంచి యార్క్‌కు ఒక్క రోజులో వచ్చాడు.

వాస్తవం: ఆ స్వారీ కథ అతనికంటే ముందు తరంలోని నెవిసన్ అనే మరో దొంగది. 1834లో వచ్చిన ఒక నవల దాన్ని టర్పిన్‌కు అంటగట్టి చిలవలు పలవలు చేర్చింది. అసలు టర్పిన్ ఎసెక్స్‌కు చెందిన కసాయి. అతని ముఠా 1735లో లండన్ దగ్గర ఒక ముసలి రైతు ఇంట్లో జొరబడి, డబ్బు ఎక్కడుందో చెప్పమని ఆయనను కొట్టి, నిప్పుల మీద కూర్చోబెట్టింది. పనిమనిషి మీద ముఠా నాయకుడు అత్యాచారం చేశాడు. ఈ ఇద్దరు బాధితుల గురించి చెప్పకుండా నేను టర్పిన్ కథ మొదలుపెట్టను.

పట్టుబడిన తీరు చాలామందికి తెలియదు. జాన్ పామర్ అనే మారుపేరుతో యార్క్‌షైర్‌లో గుర్రాల వ్యాపారిగా బతుకుతూ, ఒకరోజు వీధిలో కోడిపుంజును కాల్చి, అడ్డొచ్చినవాడినీ కాలుస్తానని బెదిరించాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. యార్క్ జైలు నుంచి బావమరిదికి ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో తపాలా ఖర్చు అందుకునేవారే కట్టాలి, ఆయన కట్టనన్నాడు. అలా తపాలా కార్యాలయంలో మిగిలిపోయిన ఉత్తరం, చిన్నప్పుడు టర్పిన్‌కు రాత నేర్పిన జేమ్స్ స్మిత్ కంటపడింది. పేరు మారినా అక్షరాలు మారలేదు. గుర్రాల దొంగతనం రుజువై, 1739 ఏప్రిల్ 7న నేవ్స్‌మైర్‌లో ఉరితీశారు. ఇప్పుడక్కడ గుర్రప్పందేలు జరుగుతాయి.

అపోహ: ఇక్కడ మంత్రగత్తెలను సజీవ దహనం చేసేవారు.

వాస్తవం: ఇంగ్లండ్‌లో మంత్రవిద్య నేరానికి శిక్ష ఉరి. 'యార్క్‌షైర్ మంత్రగత్తె'గా పేరుపడిన మేరీ బేట్‌మన్‌ను 1809లో ఉరితీసింది కూడా విషం పెట్టి చంపినందుకే.

అపోహ: 1190లో యూదులు చనిపోయింది ఇప్పుడు కనిపించే క్లిఫర్డ్స్ టవర్‌లోనే.

వాస్తవం: ఈ రాతి బురుజు 13వ శతాబ్దానిది. అప్పుడు ఆ మట్టిగుట్ట మీద ఉన్నది కొయ్య కోట. మార్చి 16న, బయట మూక చుట్టుముట్టగా, అందులో తలదాచుకున్న సుమారు 150 మందిలో ఎక్కువమంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. మతం మారితే వదిలేస్తామన్న మాట నమ్మి బయటికి వచ్చినవారిని మూక చంపేసింది. మతద్వేషంతోపాటు యూదుల దగ్గర చేసిన అప్పులూ కారణమే. ఆ వెంటనే పెద్ద చర్చిలో దాచిన రుణపత్రాలను తగలబెట్టారు. రాజు మనుషులు వచ్చి జరిమానాలు వేశారు, అంతే. హత్యలకు ఎవరినీ ఉరితీయలేదు. కోడిపుంజు కథకు పకపకా నవ్వే పిల్లలు ఇక్కడ తల్లుల చేయి పట్టుకుంటారు.

గుట్ట అడుగున 1978లో పెట్టిన స్మారక ఫలకం ఉంది. చాలామంది దాన్ని దాటి నేరుగా మెట్లెక్కేస్తారు. నాతో వచ్చేవాళ్లను ముందు దాని దగ్గర ఆపుతాను. పూర్తిగా చదివాకే పైకి వెళ్తాం.