మానని కుట్లకు ఎవరో ఇచ్చిన ప్లేట్‌లెట్లు

తిరుపతిలో ప్లేట్‌లెట్లు అనగానే డెంగీ గుర్తొస్తుంది. కౌంట్ పడిపోయింది, దాత కావాలి అంటూ ఫోన్లు మోగుతాయి. ఆపరేషన్ కుట్లు విడిపోయి, వారాల తరబడి రసి కారే గాయం మీద కూడా వాటిని వేయొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు.

రక్తం గడ్డకట్టించడమే ప్లేట్‌లెట్ల పని అని చాలాకాలం అనుకున్నారు. కణాల్ని పెరగమని పురిగొల్పే పదార్థం కూడా వాటిలోంచే వస్తోందని 1974లో తేలింది. దానికి తర్వాత పీడీజీఎఫ్ అని పేరొచ్చింది. 1986లో అమెరికాలో డేవిడ్ నైటన్ బృందం రోగుల సొంత రక్తంలోంచే ఇలాంటి పదార్థాలు తీసి, మొండి పుండ్ల మీద వాడి చూసింది. 1997లో ల్యాబ్‌లో తయారైన పీడీజీఎఫ్‌కు షుగర్ పాదాల పుండ్ల మందుగా అక్కడ అనుమతి వచ్చింది. మరుసటి ఏడు రాబర్ట్ మార్క్స్ దవడ ఎముక ఆపరేషన్లలో పీఆర్పీ, అంటే ప్లేట్‌లెట్లు దట్టంగా ఉండేలా రక్తంలోంచి తీసిన ప్లాస్మా వాడి, ఆ పేరును దంతవైద్యుల నోళ్లలో నానేలా చేశాడు. అక్కణ్నుంచి అది మోకాళ్లకు, జుట్టుకు పాకింది. ఇప్పుడు పీఆర్పీ అంటే బట్టతల వైద్యం అనుకునేవాళ్లే ఎక్కువ. తలనీలాలిచ్చే ఊళ్లో ఇదో తమాషా.

తయారీ చూడ్డానికి తేలికే. రక్తం ట్యూబును మెషిన్‌లో గిర్రున తిప్పితే అడుగున ఎర్ర కణాలు, పైన పసుపుపచ్చ ప్లాస్మా, నడుమ పల్చటి తెల్ల పొర తేరుకుంటాయి. ఆ పొర చుట్టుపక్కలే ప్లేట్‌లెట్లు ఎక్కువ. దానికి కాల్షియం కలిపితే కాసేపటికి జున్నులా గడ్డకడుతుంది. దాన్ని గాయంలో పరిచి కట్టు కడతారు.

మరి దాత ఎందుకు? గాయం మానని మనిషికి తరచూ ఒంట్లో రక్తమే తక్కువ. వయసు మీద పడి, షుగరో డయాలసిసో ఉన్నవాళ్ల దగ్గర వారం వారం రక్తం తీయడం కష్టం. దాత ప్లేట్‌లెట్లు బ్లడ్‌బ్యాంకులో సిద్ధంగా ఉంటాయి. అయితే పరాయి రక్తం కాబట్టి గ్రూపు చూడాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పవు.

ఫలితాల మాటకొస్తే, సొంత రక్తంతో చేసిన పీఆర్పీ మీదే 2016 కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచే నివేదిక) ఆచితూచి మాట్లాడింది. షుగర్ పాదాల పుండ్లకు మేలు చేయొచ్చు గానీ ఆధారాలు బలంగా లేవంది. దాత రక్తం విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలని నా అభిప్రాయం. లోపల చీము ఉన్నా, రక్తనాళం మూసుకుపోయినా పైన ఏ జెల్ వేసినా దండగే. మన చిత్తూరు వాళ్లు రాయవేలూరు ఆస్పత్రి అనే సీఎంసీలో 1946లో చేరిన సర్జన్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాల్లో ఇలాంటిదే కనిపెట్టాడు. వాళ్ల కండలో లోపం లేదు. నొప్పి తెలియక పుండు మీదే నడుస్తున్నారు. పిండికట్టు వేసి ఒత్తిడి తప్పిస్తే పుండ్లు మానాయి.

ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో కాకుండా 22 డిగ్రీల దగ్గర ఉంచితేనే ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తాయని 1969లో తెలిసింది. అందుకే బ్లడ్‌బ్యాంకులో ఆ సంచులు మెషిన్ మీద రాత్రింబవళ్లు ఊగుతుంటాయి. మామూలుగా ఐదు రోజులు దాటితే రోగికి ఎక్కించరు. గడువు తీరిన ఆ సంచుల్లోంచి గాయానికి పనికొచ్చే పదార్థాలు తీయొచ్చా అన్నదాని మీద ఇప్పుడు పరిశోధనలు నడుస్తున్నాయి.