కమల పాసు, లక్ష్మి ఫెయిలు

పర్లాకిమిడిలో మా వీధి వినాయక చవితి చందాల పట్టీలో ఎవరికి అలవాటైన లిపిలో వాళ్లు పేరు రాస్తారు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశాలో ఉన్న ఊరు, ఇక్కడ అది మామూలే. పట్టీని కంప్యూటర్లోకి ఎక్కించాక పేరు గడిలో కామాలు, రూపాయి గుర్తులు దొర్లాయేమో చూద్దామని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు రాశాను. పేరులోని ప్రతి మాటా ఆసాంతం 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ'కి, అంటే 'పదంలో పట్టే అక్షరం ఏదైనా' అని చెప్పే గుర్తుకి సరిపోవాలి, అంతే. ఇంగ్లీషు పేర్లు దాటేశాయి. తెలుగులో కమల గారు పాసు, లక్ష్మి గారు ఫెయిలు! ఆ పేరుని ముక్కలుగా చూపించమంటే 'లక', 'ష', 'మ' అని ఇచ్చింది. రెండు పొల్లులూ, గుడీ మాయం.

ఈ తిరకాసు ఇప్పటిది కాదు. 1951లో గణితవేత్త స్టీఫెన్ క్లీనీ నాడీకణాల నమూనాల గురించి రాస్తూ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు, అంటే ఇలాంటి గుర్తులతో టెక్స్ట్ నమూనాను వర్ణించే సూత్రాలకు పునాది వేశాడు. 1968లో కెన్ థాంప్సన్ వాటితో టెక్స్ట్ వెతికే పద్ధతిని ప్రచురించాడు. 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలోకి అలా వెతికిపెట్టే గ్రెప్ అనే ప్రోగ్రాం వచ్చింది. 1987 నాటి పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష వల్ల బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అందరికీ అలవాటైంది. దాని అసలు అర్థం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. అండర్‌స్కోర్ ఎందుకో ఆలోచిస్తే గుట్టు తెలుస్తుంది: ప్రోగ్రాంలో వేరియబుల్‌కి పెట్టే పేరులో పట్టేవి సరిగ్గా అవే. మనుషుల పేర్లు ఆ లెక్కలోనే లేవు. జావాస్క్రిప్ట్ అనే మరో భాషలో ఇప్పటికీ అదే అర్థం. అక్కడైతే కమల గారూ ఫెయిలే.

1991లో అన్ని భాషల లిపులకూ కంప్యూటర్లో స్థానాలు కేటాయించే ప్రమాణం, యూనికోడ్, తొలి వెర్షన్ వచ్చింది. అందులో 'క' అక్షరం, గుడి మాత్రం 'మార్క్', అంటే అక్షరానికి తగిలించే గుర్తు. పైథాన్ 3 అన్ని భాషల అక్షరాలనూ, అంకెలనూ ఒప్పుకుంది గానీ మార్కులను వదిలేసింది. గుణింతం లేని తెలుగు తెలుగేనా? పదంలో మార్కులూ భాగమేనని యూనికోడ్ సొంత మార్గదర్శకం చెబుతోంది, పెర్ల్ పాటిస్తోంది కూడా. తమాషా ఏమిటంటే, 1936లోనే మంగేయి గొమాంగో సవర భాషకు చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో గుణింతపు గుర్తులు లేవు. 2012లో యూనికోడ్‌కెక్కిన ఆ లిపి ఈ పరీక్షలో ఇబ్బంది లేకుండా గట్టెక్కుతుంది. ఒడియాకి మాత్రం మన కష్టమే.

నేను చేసిందల్లా యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 128 స్థానాలనూ, ఒడియావి 128నీ అనుమతించడం. అందరూ పాసయ్యారు, ఒక్క రాజ్‌కుమార్ గారు తప్ప. 'జ్' పక్కన 'కు' ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఆ 128లో లేదు. దాన్నీ కలిపాక ఆయన చందా జమైంది.